బరువైన ఎద్దా, తేలికైన ఎద్దా? ప్రదర్శన బరిలో బహుమతికి సేద్యం చెప్పవలసిన ప్రమాణం

సంక్రాంతి మొదలుకొని ఉగాది వరకు మన రాష్ట్రంలో పశువుల పోటీలకు, ప్రదర్శనలకు అదును. ఈ కాలంలో మూడు దృశ్యాలు మన కంట పడతాయి. మొదటిది, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పుట్టి రాయలసీమ తిరునాళ్లకు కూడా విస్తరించిన బండలాగుడు పోటీ. అందులో కండలు తిరిగిన ఒంగోలు జతలు మాత్రమే నిలుస్తాయి. రెండవది, చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో కనుమనాడు జరిగే పశువుల పండుగ. కొమ్ములకు పలకలు కట్టిన పశువులు జనం మధ్య నుంచి దూసుకుపోతాయి. అక్కడ బరువు కన్నా చురుకుదనానికే విలువ. మూడవది ఇటీవలి ముచ్చట. పుంగనూరు ఆవు ఎంత పొట్టిదైతే అంత వెల పలుకుతోంది.

ఒకచోట భారీతనం, ఒకచోట వేగం, ఒకచోట మరుగుజ్జుతనం. వీటిని చూసిన విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: బరువైన దేహం గల పశువు మేలా, తేలికపాటి పశువు మేలా? ఏ పనికి, ఏ నేలలో, ఏ మేత మీద అన్న మూడు విషయాలు తేల్చకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం శాస్త్రీయం కాదు. ఈ మూడింటినీ పక్కనపెట్టి రూపానికే బహుమతులు ఇస్తూ పోతే, దక్షిణ రాయలసీమ రైతుకు పనికివచ్చే మధ్యస్థ, తేలిక రకం పశువు మన కళ్లముందే కనుమరుగవుతుందని నా అభిప్రాయం.

ఇటువంటి చర్చ మనకే పరిమితం కాదు. ఇంగ్లండులో వేటకుక్కల వెంట పరుగెత్తే గుర్రాలను ‘హంటర్’ అంటారు. అక్కడి ప్రదర్శనల్లో ఈ గుర్రాలను తేలిక, మధ్యస్థ, భారీ అనే మూడు తరగతులుగా విభజిస్తారు. ఈ విభజనకు ఆధారం గుర్రం సొంత బరువు కాదు, అది మోయగల రౌతు బరువు. సుమారు 80 కిలోల వరకు మోసేది తేలిక తరగతి, సుమారు 89 కిలోలు దాటి మోసేది భారీ తరగతి, నడుమది మధ్యస్థం. న్యాయనిర్ణేత స్వయంగా గుర్రమెక్కి, దాని నడకను, పరుగును, అదుపును పరీక్షించి మార్కులు వేస్తాడు. ఇంగ్లండు, వేల్స్‌లలో కుక్కలతో నక్కలను వేటాడటాన్ని 2004 నాటి చట్టం నిషేధించింది. పాత పని చాలావరకు పోయింది. అయినా ఆ పనికి కావలసిన లక్షణాలను కొలిచే పద్ధతి మాత్రం ప్రదర్శనలో నిలిచింది. ట్రాక్టరు వచ్చాక మన ఎడ్ల పరిస్థితి ఇంచుమించు ఇదే కాబట్టి ఈ ఉదాహరణ మనకు ఉపకరిస్తుంది. తరగతిని పనిని బట్టి నిర్ణయించాలి, పరీక్ష పనిలోనే జరగాలి అన్నవి అందులోని రెండు సూత్రాలు.

ఇక మన పొలానికి వద్దాం. మంచి ఆరోగ్యంతో ఉన్న ఎద్దు గంటల తరబడి అలసిపోకుండా తన శరీర బరువులో సుమారు పదవ వంతు బలంతో లాగగలదని పశుశక్తి పాఠాల్లో చెబుతాం. ఈ లెక్కన ఒక్కొక్కటి 300 కిలోలున్న జత 60 కిలోల లాగుడు బలాన్నీ, 500 కిలోలున్న జత 100 కిలోల బలాన్నీ ఇస్తాయి. 15 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతు దున్నే మడక కోత వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లు. ఎర్ర గరప నేల మంచి పదునులో ఉన్నప్పుడు చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోల నిరోధం ఉందనుకుంటే 45 కిలోల బలం సరిపోతుంది. అదే కోతకు నల్లరేగడిలో 0.6 కిలోల నిరోధం ఉందనుకుంటే 90 కిలోలు కావాలి. మొదటి పనికి తేలిక జత చాలు. రెండవ పనికి బరువైన జత తప్పదు. గుండ్లకమ్మ, మూసీ నదుల పరీవాహకంలోని బరువు నేలల మీద ఒంగోలు జాతి అంత భారీగా రూపొందడంలో, ఎర్రనేలలు ఎక్కువగా ఉన్న మన పడమటి మండలాల రైతు కన్నడ సీమ హళ్లికార్ రకం కోడెల వైపు మొగ్గడంలో ఉన్న తర్కం ఇదే.

బలం ఒక్కటే లెక్క కాదు, నడక కూడా లెక్కే. 15 సెంటీమీటర్ల చాళ్లతో ఎకరా దున్నాలంటే ఎడ్లు మలుపులు కాక సుమారు 27 కిలోమీటర్లు నడవాలి. గంటకు 2.5 కిలోమీటర్లు నడిచే జతకు దాదాపు 11 గంటలు, 3 కిలోమీటర్లు నడిచే జతకు 9 గంటలు పడుతుంది. వరుసల మధ్య 30 సెంటీమీటర్ల దూరంతో నాలుగు చాళ్ల గొర్రు వేసి వేరుశనగ విత్తితే ఎకరాకు నడక 3.4 కిలోమీటర్లే. అయితే విత్తు పదును మన కోసం ఆగదు. ఎర్రనేలలో వాన వెలిసిన రెండు మూడు రోజులకే పైపొర ఆరిపోతుంది. ఆ కొద్ది వ్యవధిలో ఎక్కువ ఎకరాలు విత్తగల జతే రైతుకు మేలైన జత. ఒంగోలు ఎద్దు బరువు పనిలో దిట్ట, వేగపు నడకకు అంతగా అనువైనది కాదు అన్నది జాతి లక్షణాల గ్రంథాల్లో స్థిరపడిన మాట. హళ్లికార్, దాని బంధువైన అమృతమహల్ జాతులు చురుకైన నడకకు పేరుపొందాయి. మైసూరు పాలకులు, ముఖ్యంగా హైదరాలీ, టిప్పు సుల్తాన్, ఫిరంగులనూ సైనిక సామగ్రినీ వేగంగా తరలించడానికి అమృతమహల్ ఎడ్లను ప్రత్యేకంగా పోషించారు. అక్కడ కూడా జాతిని తీర్చిదిద్దింది పనే.

మూడవ లెక్క మేత. 300 కిలోల ఎద్దుకు రోజుకు సుమారు 7.5 కిలోల ఎండుపదార్థం కావాలనుకుంటే, 500 కిలోల ఎద్దుకు సుమారు 11 కిలోలు కావాలి. శరీర బరువు 1.67 రెట్లు పెరిగినా పోషణ అవసరం 1.47 రెట్లే పెరుగుతుంది. అంటే ఒక్కో కిలో లాగుడు బలానికి అయ్యే మేత బరువైన ఎద్దులోనే తక్కువ. భారీ పశువును సమర్థించేవారికి ఇది బలమైన ఆధారం, దీన్ని మనం దాచకూడదు. కాని ఆ ఆదా దక్కాలంటే ఆ బలమంతా ప్రతిరోజూ వినియోగంలో ఉండాలి. 45 కిలోల పనికి 100 కిలోల జతను కడితే మిగిలిన బలం వృథా, దానికి పెట్టిన మేతా వృథా. రెండు జతల మధ్య మేత తేడా రోజుకు 7 కిలోలు, ఏడాదికి సుమారు రెండున్నర టన్నులు. మెట్ట వేరుశనగ ఎకరాకు టన్ను కట్టె ఇస్తుందనుకున్నా, ఈ అదనపు మేతకే రెండున్నర ఎకరాల కట్టె కావాలి. వాన తప్పిన ఏడాదిలో మూడెకరాల రైతుకు ఆ కట్టె ఎక్కడిది?

బండి తోలకం విషయంలో మాత్రం తీర్పు మారుతుంది. టైరు బండిపై 1500 కిలోల చెరకు వేసి చదునైన తారు రోడ్డు మీద తోలితే 45 కిలోల బలం చాలవచ్చు. అదే బండి నూటికి నాలుగు వంతుల ఎత్తు ఎక్కవలసివస్తే మరో 60 కిలోలు అదనంగా కావాలి. మొగిలి ఘాట్ వంటి దారిలో తేలిక జతకు ఆ బరువు అప్పగించడం పశువును హింసించడమే. కనుక తేలిక రకమే ఎల్లప్పుడూ మేలని వాదించడం నా ఉద్దేశం కాదు. పనిని కొలవకుండా తీర్పు చెప్పరాదన్నదే నా వాదన.

ట్రాక్టర్లు పల్లెపల్లెకూ వచ్చాక ఈ లెక్కలన్నీ దేనికని కొందరు అడుగుతారు. ట్రాక్టరు దుక్కి చేసిన పొలంలోనూ వేరుశనగ వరుసల మధ్య దంతె తోలడానికి, చిన్న కమతాల్లో, కొండవాలు మళ్లలో, మామిడి తోటల చెట్ల నడుమ ఎద్దు అవసరం ఇంకా ఉంది. అంతకన్నా ముఖ్యమైన కారణం జన్యుసంపదకు సంబంధించినది. సేద్యం వద్దన్న కోడెదూడను ఇక ఎవరు పెంచాలో నిర్ణయించేది పోటీలు, ప్రదర్శనలే అవుతున్నాయి. ఏ లక్షణానికి బహుమతి ఇస్తామో ఆ లక్షణమున్న ఆబోతు దగ్గరికే ఆవులు చేరతాయి. కాబట్టి బహుమతి పట్టిక కూడా ఒక ప్రజనన విధానమే. దాన్ని రాసేవారు ఈ సంగతి గుర్తెరగాలి.

పుంగనూరు ఆవు విషయంలో ఈ ప్రమాదం మరింత స్పష్టం. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన ఈ పొట్టిజాతి, కొద్దిపాటి మేతతో బ్రతికి, వెన్నశాతం ఎక్కువగా ఉన్న పాలిచ్చి, దాని ఎద్దులతో ఎర్రనేలల్లో తేలికపాటి దుక్కి కూడా చేయించుకొన్న రైతు పశువు. ఒక దశలో అంతరించిపోతుందేమోనన్న స్థితికి చేరిన ఈ జాతిని పలమనేరు పశుపరిశోధనా స్థానం కాపాడుకుంటూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన చిత్రాలు దేశమంతా వ్యాపించాక గిరాకీ ఇంకా పెరిగింది. ఆదరణ సంతోషకరమే. అయితే ఆ ఆదరణ ఎత్తును మాత్రమే కొలుస్తోంది. తరతరానికీ అతి పొట్టివాటినే ఎంచి, కొద్దిపాటి ఆబోతులతో దాటిస్తూ పోతే అంతఃప్రజననం పెరిగే ముప్పు, ఈనిక కష్టాలు, పాలదిగుబడి క్షీణత పొంచి ఉంటాయి. బండలాగుడు బరి బరువు వైపు లాగినట్లే, ముద్దుల పెంపకం పొట్టితనం వైపు లాగుతోంది. నడుమ నలుగుతున్నది పనిచేసే పశువు.

పోటీల నిర్వాహకులకు న్యాయం చేయడం కూడా అవసరం. వేలాది రూపాయల ఉలవలు, దాణా పెట్టి ఒంగోలు జతలను పోషిస్తున్న రైతుల అభిమానం లేకపోతే ఆ జాతి మన గడ్డ మీద ఇంకెంత పలచబడేదో ఊహించవచ్చు. ఇక్కడి నుంచి వెళ్లిన ఒంగోలు పశువులే బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో మాంసపు పరిశ్రమకు మూలస్తంభమయ్యాయి. అక్కడి పని మాంసోత్పత్తి, ఎంపికా దానికి తగినట్లే జరిగింది. మన బండలాగుడులో సైతం పళ్ల వయసును బట్టి విభాగాలు, నిర్ణీత సమయం, అడుగుల్లో కొలత ఉన్నాయి. అంటే కొలిచే అలవాటు మన రైతుకు కొత్త కాదు. లోపమల్లా, కొద్ది నిమిషాల గరిష్ఠ బలాన్ని కొలుస్తున్నాం, దినమంతా చేసే పనిని కొలవడం లేదు.

పంటల విషయంలో మనం ఇలా చేయడం లేదు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలు వెలువడింది మొక్క చూడముచ్చటగా ఉందని కాదు. పలు ప్రాంతాల్లో, పలు రుతువుల్లో పరీక్షించి, దిగుబడిని తూచిన తర్వాతనే విడుదల చేశాం. పశువుకు ఆ మర్యాద ఎందుకు దక్కరాదు?

ఈ దృష్టితో విస్తరణ శాస్త్రవేత్తల ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాను. కిసాన్ మేళాల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల ప్రదర్శనల్లో ఎడ్లను దేహబరువును బట్టి కాక పనిని బట్టి మూడు తరగతులు చేయాలి: విత్తనం, అంతరకృషికి తేలిక తరగతి, ఎర్రనేల దుక్కికి మధ్యస్థ తరగతి, నల్లరేగడి దుక్కికి, బండి తోలకానికి భారీ తరగతి. రూపానికి కొన్ని మార్కులు ఉంచి, మిగిలినవి పనికి కేటాయించాలి. శరీర బరువులో పదవ వంతు లాగుడుతో గంటసేపు నడిపించి, నడక వేగాన్ని, పని ఆపాక శ్వాస మామూలు స్థితికి రావడానికి పట్టిన సమయాన్ని, గిట్టల స్థితిని, కాడికి లొంగే గుణాన్ని నమోదు చేయాలి. ఇందుకు ఒక డైనమోమీటరు, ఒక గడియారం, కొలిచిన చదును నేల చాలు. ఎండ ముదరకముందే పరీక్ష ముగించాలి. అలసిన పశువును వెంటనే ఆపాలి.

పుంగనూరు ప్రదర్శనల్లో అతి పొట్టి పశువుకు ప్రత్యేక బహుమతి రద్దు చేసి, జాతి ప్రమాణానికి లోబడిన ఎత్తుకు పూర్తి మార్కులు ఇచ్చి, ఈతల మధ్య వ్యవధిని, పాలను, దూడ ఆరోగ్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఈ పని పశువైద్య విశ్వవిద్యాలయానిది, మనకేమి అనుకోవడం తగదు. ఏ నేలలో ఏ పనిముట్టుకు ఎంత లాగుడు బలం కావాలో చెప్పవలసింది సస్యశాస్త్ర, వ్యవసాయ ఇంజనీరింగు విభాగాలే. నేను పైన అనుకొని వేసిన నిరోధపు అంకెల స్థానంలో మండలాల వారీగా, పదును వారీగా కొలిచిన అంకెలు రావాలి. స్నాతకోత్తర విద్యార్థులకు ఇంతకన్నా అక్కరకు వచ్చే పరిశోధనాంశం దొరకడం కష్టం.

అంతవరకు, సంతలో కోడెలు కొనబోయే రైతు సలహా అడిగితే మనం చెప్పదగిన మాటలు స్పష్టంగానే ఉన్నాయి. ముందు నేలను చూసుకోవాలి, తర్వాత వామిలోని మేతను చూసుకోవాలి, ఆ తర్వాత ఎద్దును నడిపించి చూడాలి. మూపురం ఎత్తునూ, మెడలోని పతకాన్నీ చివర చూసినా నష్టం లేదు.