తరచూ తెరవని రికార్డుకు విలువ లేదా?

వర్చువల్ మెషిన్లు నడిపే డేటా సెంటర్లలో ఒక నమ్మకం శాసనంలా స్థిరపడిపోయింది. ఎక్కువగా వాడే డేటా ఎస్‌ఎస్‌డీల (ఫ్లాష్) మీద ఉండాలి, ఎవరూ ముట్టనిది చౌక డిస్కుల మీదికి దిగాలి, ఏది ఎక్కడుండాలో యంత్రమే తేల్చాలి. ఐబీఎం ఈజీ టియర్, ఈఎంసీ ఫాస్ట్ వీపీ వంటివి చేసేది ఇదే. వాడకాన్ని గమనిస్తూ వాల్యూమ్‌లోని వేడి ముక్కలను పై టియర్‌కు, అంటే వేగమైన డిస్కుల అంచెకు, చల్లారిన వాటిని కింది టియర్‌కు జరుపుతాయి. ఖర్చు తగ్గించే ఉపాయంగా దీన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఆ ఉపాయమే డేటా విలువను తూచే ధర్మకాటా అయి కూర్చుంది. తరచూ తెరవనిది తక్కువ విలువైనదనీ, దాని మీద కాపలా, బ్యాకప్ కాస్త సడలినా నష్టం లేదనీ అనుకోవడం మామూలైపోయింది. ప్రజల రికార్డుల విషయంలో ఈ లెక్క పూర్తిగా తప్పు.

ఆంధ్రప్రదేశ్‌లోని చుండూరునే చూడండి. 1991 ఆగస్టు 6న అక్కడ దళితులను ఊచకోత కోశారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. మొదటి తీర్పుకు 16 ఏళ్లు, అప్పీలు తేలడానికి దాదాపు 23 ఏళ్లు పట్టాయి. వాంగ్మూలాలు, పంచనామాలు, పోస్టుమార్టం నివేదికలు ఏళ్ల తరబడి కదలకుండా ఉండొచ్చు. అప్పీలు కోర్టు మాత్రం సాధారణంగా సాక్షులను మళ్లీ పిలవదు, కింది కోర్టు రికార్డునే చదువుతుంది. ఆ రోజున న్యాయమంతా ఆ కట్టల మీదే ఆధారపడుతుంది. అది కాగితాల కాలం. ఇప్పుడు కేంద్రం 2023లో ఆమోదించిన 7,210 కోట్ల రూపాయల ఈ-కోర్టుల మూడో దశలో పాత కేసుల స్కానింగు ముఖ్యమైన పని. అంటే ఇకమీదట ఇలాంటి కట్టలన్నీ డేటాస్టోర్లలోనే, అంటే వర్చువల్ మెషిన్ల ఫైళ్లు దాచే స్టోరేజ్‌లోనే ఉంటాయి. వాడకం లెక్కన చూస్తే అన్నిటికంటే చల్లని డేటా ఇదే. న్యాయం లెక్కన చూస్తే దీనికంటే బరువైనది లేదు.

ఈ తేడా యంత్రానికి తెలిసే దారే లేదు. స్టోరేజ్ యంత్రానికి కనిపించేవి బ్లాకులు మాత్రమే. వాటిలో కోర్టు ఫైలుందా, సినిమా పాటుందా అన్నది దానికి పట్టదు. పైగా అది చూసేది గడిచిన గంటల, రోజుల వాడకాన్ని. చుండూరు ఉన్న కృష్ణా పశ్చిమ డెల్టాలో పనులు నడిచేది కాలువ నీటిని బట్టి, పంట కాలాన్ని బట్టి. ఖరీఫ్ వరి వివరాలు రాష్ట్ర ప్రభుత్వ పంట నమోదు వ్యవస్థ ఈ-పంటలో ఎక్కే వారాల్లో హడావుడి ఉంటుంది, ఆ తర్వాత సద్దుమణుగుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వరి కోతల కాలం. పంట నష్టం లెక్కగట్టడానికి ఆ ఈ-పంట నమోదే ఆధారం. నెలల కింద చల్లారిన వివరాలు ఒక్క రాత్రిలో అందరికీ కావలసి వచ్చాయి. ఇలాంటి డేటాను గడిచిన వాడకం ఒక్కటే చూసి కిందికి దింపితే, సెకనుకు వంద రాండమ్ రీడ్‌లు కూడా కష్టమైన 7,200 ఆర్‌పీఎం డిస్కుల మీద జనం బారులు తీరుతారు. యంత్రం తేరుకుని దాన్ని పైకి జరిపేసరికి అవసరం దాటిపోతుంది.

నెమ్మది ఒక్కటే నష్టమైతే భరించవచ్చు. కింది టియర్ అంటే తక్కువ రక్షణ అన్న అలవాటు ఎక్కడికి తీసుకెళ్తుందో దక్షిణ కొరియా చూపించింది. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేచి, ఉద్యోగులు పని పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టీబీల డేటా పోయింది. సామర్థ్యం పెద్దది, వేగం తక్కువ అయిన స్టోరేజ్ కావడంతో బయట బ్యాకప్ పెట్టలేకపోయామని అధికారులు చెప్పారు. టియరింగ్ డేటాను జరుపుతుందే గానీ కాపీ చేయదని గుర్తుంచుకోవాలి. ముక్క కిందికి దిగాక పైన ఏమీ మిగలదు. అదే డేటాస్టోర్‌లో తీసిన స్నాప్‌షాట్ కూడా ఆ డేటాస్టోర్‌తోనే పోతుంది.

అన్నిటినీ ఫ్లాష్ మీద పెట్టే డబ్బెక్కడిదని అడుగుతారు. ఎవరూ అది కోరడం లేదు. చుండూరు కేసు కట్టలాంటిది చౌక డిస్కు మీద ఉంటే తప్పులేదు, ఒకే ఒక్క చోట ఉంటే తప్పు. వేల వాల్యూమ్‌లను మనుషులు చూసుకోలేరన్నది రెండో వాదన. ఇందులో నిజముంది. అందుకే ముక్కలు జరిపే పని యంత్రానికే ఉండనివ్వాలి, దాని హద్దులు మాత్రం మనుషులు గీయాలి. వీఎంవేర్‌లో స్టోరేజ్ పాలసీలు, ట్యాగులు ఉన్నవి ఇందుకే. డేటాను మూడు నాలుగు తరగతులుగా విడదీస్తే చాలు. అంతా ఫ్లాష్ అయిపోతోంది, ఈ చర్చకు కాలం చెల్లిందనేవాళ్లు క్లౌడ్ ధరల పట్టిక చూడాలి. అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ నుంచి ఫైలు మామూలు పద్ధతిలో వెనక్కి రావడానికి 12 గంటల దాకా పడుతుంది. టియర్లు పోలేదు, మన కంటికి దూరమయ్యాయి.

కాబట్టి ప్రజల రికార్డు ఉన్న ప్రతి వర్చువల్ మెషిన్‌కూ వేగం సంగతి తేల్చేముందు నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబుండాలి. ఎన్నేళ్లు ఉంచాలి? అడిగితే ఎంతసేపట్లో రావాలి? ఎంత పోతే ఓర్చుకోగలం? ఈ తీరాన్ని తుపాను ముంచినా చెదరని కాపీ ఎక్కడుంది? వీటికి జవాబు చెప్పాల్సింది రికార్డుకు బాధ్యత వహించే శాఖ. ఆ జవాబులు లేని డేటాస్టోర్ ఎంత వేగంగా నడిచినా దాన్ని సక్రమంగా నిర్వహిస్తున్నామని చెప్పుకునే హక్కు ఎవరికీ లేదు.