దారి తప్పిన పార్సిలు

పెబ్బేరులో ఒకే పేరుగలవారు ఇద్దరుంటే ఒకరి పార్సిలు మరొకరి గడప చేరడం వింత కాదు. 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన ఆరంకెల పిన్‌కోడు దానిని తపాలా కార్యాలయం దాకానే చేరుస్తుంది. ఆపైన ఇంటి నంబరు, తండ్రి పేరు, వీధి గుర్తులే దిక్కు. 2016లో ఊరు మహబూబ్‌నగర్ జిల్లా నుండి వనపర్తి జిల్లాలోకి మారింది. చిరునామాలోనూ ఆ మార్పు కనిపించాలి.

పొరపాటు రాసినవారిదో, తెచ్చినవారిదో కావచ్చు. విప్పి చూడాలన్న కుతూహలం మాత్రం మనదే. ‘నా ఇంటికి వచ్చింది కనుక నాది’ అనే వాదం నాకు సమ్మతం కాదు. పరుల సొత్తును దురుద్దేశంతో సొంతం చేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను ప్రకారం నేరం. చట్టం మాట అటుంచండి, అందులో ఏ వృద్ధురాలి మందులో ఉండవచ్చు. పైన ఫోను నంబరుంటే వెంటనే తెలపాలి. లేకుంటే విప్పకుండా తెచ్చినవారికే తిరిగి అప్పగించాలి.