చేపపిల్లకు అన్నప్రాశన

పోయినవారం నల్లగండ్లలో, మా అమ్మాయి యింట, మనమరాలికి అన్నప్రాశన జరిగింది. పుస్తకం, కలం, బంగారుగొలుసు ముందుంచి పిల్లను వదిలాం. అది వాటివంక చూడనైనా చూడక, బహుమతికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ముక్కను చటుక్కున నోట్లో పెట్టుకుంది! ఇంటిల్లిపాదీ కెవ్వుమన్నాం. వాళ్ల నాయనమ్మ వేలుపెట్టి తీసేసింది, గండం గడిచింది.

కాకినాడనుంచి వచ్చిన మా వియ్యంకుడుగారు నవ్వి, "మా సముద్రంలో చేపపిల్లలకు తీసే నాయనమ్మ లెవరండీ, బావగారూ?" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. గుడ్డులోంచి వచ్చే చేపపిల్ల పొట్టకింద పచ్చసొన సంచీ తెచ్చుకుంటుంది. కొద్దిరోజులకు అదే సద్దిమూట. మూట ఖాళీ కాగానే నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని పట్టి తినాలి, లేదా చావాలి. ప్లాస్టిక్ నలుసుల్లో చాలావాటిదీ ఆ జీవుల పరిమాణమే. హవాయి తీరాన, పిల్లలు మేతకు చేరేచోటనే నలుసులూ పోగుపడుతున్నాయనీ, కొన్ని పిల్లల పొట్టల్లో అవి దొరికాయనీ 2019లో ఒక పరిశోధన తేల్చింది.

అలాగని గోరంతను కొండంత చెయ్యకూడదు. చేపపిల్లలు మేత మాని ప్లాస్టిక్కునే కోరి తింటాయని 2016లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసాన్ని 2017లో ఆ పత్రికే ఉపసంహరించుకుంది. మింగినదాన్ని విసర్జించే చేపలూ వున్నాయి. కాని తొలిముద్దే ఉత్తముద్దయితే ఆ పిల్లకు బలమెక్కడిది?

ఆంధ్రతీరంలో చేపలు గుడ్లు పెట్టుకోవాలని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట ఆపుతారు. మన మురుగుకు ఒక్కరోజు సెలవు లేదు! హైదరాబాదు మురుగును మోసే మూసీ వాడపల్లివద్ద కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవివద్ద సముద్రంలో కలుస్తుంది.

పాలిస్టరు బట్టలు ఉతికితే వూడే పీచూ ప్లాస్టిక్కేనట. మా అమ్మాయి రెండు జతలకోసం వాషింగ్‌మెషిన్ తిప్పడం మానింది. నిండాకనే, చన్నీళ్లతో, కొద్దిసేపే తిప్పుతోంది. పీచు పూర్తిగా ఆగదు, తగ్గుతుంది.

నాయనమ్మ వేలు సముద్రందాకా చేరదు గదా! అడ్డేదో మనింటి తూముదగ్గరే పెట్టాలి.