ఎర్ర లైటు వెలిగితే...

నాన్న పాత కారు కింద రోజూ పొద్దున్నే అరచేయంత నల్ల మరక. ఫోన్‌లో చెప్తే, "ఆయిల్ పోసి నడుపుతూ ఉండు నాన్నా, సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దాం" అన్నాను. ఆఫీసులో బగ్‌ని తర్వాతి స్ప్రింట్‌కి నెట్టేసినట్టే!

పండక్కి వెళ్లా. బందరు నుంచి బెజవాడ వెళ్తుంటే, కంకిపాడు దాటాక డాష్‌బోర్డులో ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్ర లైటు. "దగ్గరికొచ్చేశాం, పోనీ" అన్నాను. నాన్న వినలేదు. పక్కకి తీసి ఇంజన్ ఆపేశారు. తాడు కట్టించి ఆటోనగర్ చేర్చాం.

మెకానిక్ బాబాయ్ చూసి, "ఆపారు కాబట్టి ఇంజన్ బతికింది" అన్నాడు. ఆ లైటు చెప్పేది ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. ప్రెషర్ లేకపోతే బేరింగులు, క్రాంకు రాసుకుపోతాయి. కొద్ది నిమిషాల్లోనే ఇంజన్ పట్టేయొచ్చు.

లీకు ఆయిల్ పంపు గ్యాస్కెట్ దగ్గర. షెడ్డులో ప్యాకింగ్ అంటారు. కాగితమంత మందం. కానీ మా కారులో పంపు ఇంజన్ ముందు వైపు, క్రాంకుతోనే తిరుగుతుంది. అక్కడికి చేరాలంటే పుల్లీ, టైమింగ్ బెల్టు, కింద ఆయిల్ చాంబర్ అన్నీ విప్పాలి. ప్యాకింగ్ ఖర్చు కొంచెమే, కూలీయే ఎక్కువ.

అంటుకుపోయిన పాత ప్యాకింగ్ గీకడానికి నేను స్క్రూడ్రైవర్ తీశా. బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు. "అల్యూమినియం బాబూ! గీత పడితే మళ్లీ కారుద్ది." ప్లాస్టిక్ ముక్కతో ఓపిగ్గా గీకించాడు. ఎలాగూ విప్పాం కాబట్టి క్రాంకు ఆయిల్ సీలు, ఆయిల్‌లో నానిన టైమింగ్ బెల్టు కూడా మార్చేశాడు. బిగించే ముందు పంపులో కాస్త ఆయిల్ నింపాడు, స్టార్ట్ చేయగానే గాలి కాకుండా ఆయిల్ అందుకోవాలని.

బోల్టులు గట్టిగా బిగిస్తే లీకవ్వదనుకున్నా. తప్పు. ప్యాకింగ్ నలిగిపోతుందట. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా, చివర్లో మాన్యువల్‌లో ఉన్న లెక్కకి టార్క్ రెంచ్‌తో బిగించాలి. తర్వాత ప్లగ్ వైర్లు తీసి, ఎర్ర లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టి, అప్పుడు స్టార్ట్ చేశాడు.

తెల్లారి కారు కింద చూశా. నేల పొడిగా ఉంది. నాన్న నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ తగిలింది.

ఈ రాత్రి మీ కారు కింద ఓ అట్టముక్క పరిచి చూడండి. పొద్దున మరక కనిపిస్తే పండగ దాకా ఆగకండి. ఎర్ర లైటు వెలిగితే మాత్రం, ఇల్లు ఎంత దగ్గరున్నా సరే, ఇంజన్ ఆపేయండి.