కార్డు కొత్తది, కాళ్లావేళ్లా పడటం పాతదే!

కార్డు దేనికి? తలుపు తెరవడానికి. తెరుచుకోని తలుపు ముందు ఎంత రంగుల కార్డు పట్టుకు నిలబడితే ఏం లాభం? కృష్ణా డెల్టా కౌలురైతు తరఫున మేము పాలకులను అడుగుతున్నది ఈ ఒక్క ప్రశ్నే.

ప్రకాశం బ్యారేజి కింద ఇటు గుడివాడ, దివిసీమ దాకా, అటు తెనాలి, రేపల్లె దాకా వెళ్లి చూడండి. చేలో దిగేది ఒకరు, పాసుపుస్తకం బీరువాలో దాచుకునేది మరొకరు. ఆసామి బెజవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. ఎకరాకిన్ని బస్తాలని ఒప్పుకున్నాక, చేను మునిగినా కొలవమనే ఆసాములకు కొదవ లేదు.

2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డు ఇచ్చారు. ఏడాది గడువు. రెవెన్యూ సిబ్బంది ఊళ్లో విచారించి ఇవ్వాలి. ఆసామి సంతకం కావాలని ఆ చట్టం పట్టుబట్టలేదు. బ్యాంకులు ఆ కార్డును చిన్నచూపు చూశాయి. సరిదిద్దాల్సింది బ్యాంకులను. మార్చింది కార్డును!

2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. సీసీఆర్సీ కార్డు వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద ఆసామి సంతకం తప్పనిసరి. కార్డు పేరులోకి హక్కు వచ్చి చేరింది. ఆ హక్కు దక్కాలా వద్దా అనేది ఆసామి కలానికి వదిలేశారు. ఇదా సంస్కరణ?

ఆసాముల భయం మాకు తెలియక కాదు. 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచీ కాగితం మీద కౌలుదారు పేరు పడితే భూమి పోతుందన్న గుబులు ఉంది. కానీ ఈ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతోంది కదా! అలాంటప్పుడు సంతకం ఎందుకు? సాగు చేస్తున్నదెవరో ఊరంతటికీ తెలుసు. ఈ-పంట నమోదుకు వచ్చే ఉద్యోగికీ తెలుసు.

సరే, బతిమాలి సంతకం తెచ్చుకున్నాడే అనుకుందాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు. అదే సర్వే నంబరు మీద ఆసామి ముందే పంటరుణం తీసుకుని ఉంటాడు. ఒకే పొలానికి రెండు రుణాలా అని బ్యాంకు మేనేజరు ముఖం తిప్పుకుంటాడు. దున్నని చేతికి పంటరుణం, దున్నే చేతికి వడ్డీ వ్యాపారి నోటు! తాకట్టు లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. తాకట్టే అక్కర్లేనప్పుడు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే బ్యాంకుకేమి?

2024 సెప్టెంబరులో బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. ఆ నీరు ఎవరి దగ్గర కార్డు ఉందో చూసి చేలను ముంచలేదు. సాయం మాత్రం కాగితం చూసి వస్తుంది. 2019లో మొదలైన పీఎం కిసాన్ భూమి పేరున ఉన్న కుటుంబాలకే. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధూ పాసుపుస్తకం ఉన్నవాడి ఖాతాలోకే పోయింది. రాష్ట్రాలు రెండైనా కౌలురైతు నుదుటి రాత ఒక్కటే.

ఇకముందు ఏ ప్రభుత్వం ఏ రంగు కార్డు తెచ్చినా మేము నాలుగు అడుగుతాం. ఆసామి సంతకం అడక్కుండా గ్రామసభలో విచారించి కార్డు ఇస్తారా? పాత కార్డు గడువు తీరకముందే కొత్తది చేతికిస్తారా? సాగు చేయని వారికి పంటరుణం ఆపి, చేసేవారికి ఇస్తారా? కార్డు చూసి కూడా కాదన్న బ్యాంకు చేత రాతపూర్వకంగా కారణం చెప్పిస్తారా?

ఈ నాలుగూ లేని కార్డు గోడకు కొట్టుకునే క్యాలెండరే. ఏడాది పోతే చింపేయాలి. కౌలురైతుకు క్యాలెండర్లు చాలు, అప్పు పుట్టించే కార్డు కావాలి!