దర్ద్ నై హోతా అన్నోళ్లకు నా జవాబ్

"దర్ద్ బిల్కుల్ నై హోతా భాయ్. చీంటీ కాటే సరీఖా, బస్."

జుట్టు నాటే క్లినిక్‌లో నాతో పైసల బేరం మాట్లాడినతను చెప్పిన మాట ఇది. నేను యకీన్ చేశాను. ఇప్పుడు చెబుతున్నాను, అది సఫేద్ జూట్.

అసలెందుకు పోయావంటారా? రెండు రిష్తాలు నా నెత్తి చూసి వెనక్కి పోయాయి. ఆ తర్వాత అమ్మీ నేను టోపీ పెట్టుకున్న ఫోటోలే పంపేది. అది చూడలేక పోయాను.

ముందు సూదులు. నొసలు పొడుగునా, వెనక మెడ పైన, వరసగా. నెత్తి చర్మం నిండా నరాలే. తిమ్మిరి కోసం ఎక్కించే లిగ్నోకైన్‌కి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, లోపలికి దిగుతుంటే నిప్పులా మండుతుంది. అంటే నొప్పి తెలియకుండా ఇచ్చే మందే మొదటి నొప్పి. దాంట్లో కొంచెం సోడియం బైకార్బొనేట్ కలిపి, మెల్లగా ఎక్కిస్తే ఆ మంట తగ్గుతుంది. కానీ దర్ద్ అసలు లేనే లేదన్నవాడు దాన్ని తగ్గించే తక్లీఫ్ ఎందుకు పడతాడు?

నాకు నాటింది 2,500 గ్రాఫ్టులు. గ్రాఫ్ట్ అంటే ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుండే చిన్న కుదురు. వెనక 2,500 చోట్ల తవ్వి తీస్తారు, ముందు 2,500 గాట్లు పెట్టి నాటుతారు. హిసాబ్ చేయండి: ఒక్క తలకాయ మీద 5,000 గాయాలు. తవ్వుతున్నంతసేపూ గంటలకొద్దీ బోర్లా పడుకోవాలి. మధ్యలో తిమ్మిరి దిగితే మళ్లీ సూదులు.

ఆ రాత్రి నెత్తి దిండుకు ఆనించలేక కూర్చునే కునికాను. మూడో రోజు వాపు నొసటి నుంచి కళ్ల మీదికి దిగింది. ముందుకు వంగొద్దన్నారు. వంగొద్దంటే సజ్దా లేదన్నమాట. వుజూలో మసహ్ చేయబోతే చెయ్యి నెత్తి దాకా పోయి ఆగిపోయింది. రంజాన్‌కి నాలుగు రోజుల ముందు చేయించుకున్నాను. పూటపూటకీ గోలీలు మింగాల్సి వచ్చి మొదటి మూడు రోజాలు ఖజా అయ్యాయి. తరావీలో బుజుర్గుల పక్కన కుర్చీ వేసుకొని ఇషారాతో నమాజ్ చదివాను. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఈద్ అయ్యాక పెట్టుకునేవాణ్ని. ఆ ఫైసలా నాది. జూట్ చెప్పి దాన్ని నా చేతిలోంచి లాక్కున్నారు.

కొందరు దోస్తులు నవ్వుతారు. మర్ద్‌వి, ఈ మాత్రం ఓర్చుకోలేవా అంటారు. ఓర్చుకున్నాను భాయ్. చాలామంది ఓర్చుకోగల నొప్పే ఇది. నా ఫిర్యాదు దర్ద్ మీద కాదు, జూట్ మీద. మన దగ్గర ఈ మాట వస్తే జాయజా, నాజాయజా అని గంటలు బహస్ చేస్తాం. నొప్పి సంగతి ఒక్కరూ అడగరు. అడిగితే ఇజ్జత్ పోతుందని షరం.

ఆ షరమే ఖతర్నాక్. రోజులు గడిచేకొద్దీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంటే, జ్వరమో చీమో వస్తుంటే, అది ఇన్ఫెక్షన్ ఖబర్ కావచ్చు. దర్ద్ ఉండదని నమ్మించబడ్డవాడు తన శరీరం చెప్పేది వినడు, నాకే ఏదో కమ్‌జోరీ అనుకుంటాడు. నేను ఫోన్ చేస్తే "సబర్ కరో" అన్నారు. సబర్ నాకు తెలుసు. వాళ్లు చేయాల్సింది చూడటం.

2016లో చెన్నైలో ఒక మెడికల్ స్టూడెంట్ ఈ సర్జరీ తర్వాత చనిపోయాడు. ఢిల్లీలో ఇంకో జవాన్ మౌత్ మీద కేసు హైకోర్టు దాకా వెళ్లింది. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది కూడా ఇదే: వర్క్‌షాపులకు పోయి, యూట్యూబ్ చూసి నేర్చుకుంటే ఈ పనికి చాలదని. అయినా నా నెత్తి మీద ఎక్కువసేపు పనిచేసింది డాక్టర్ కాదు.

మొన్న మా ఖాలా కొడుకు క్లినిక్ కాగితం పట్టుకొని వచ్చాడు. "దర్ద్ హోతా క్యా భాయ్?"

"హోతా," అన్నాను. పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాను. సూది ఎవరు వేస్తారో, తవ్వేది ఎవరో, రాత్రి నొప్పి లేస్తే ఫోన్ ఎత్తే డాక్టర్ ఎవరో అడుగు. నాటిన జుట్టు మొదటి వారాల్లో చాలావరకు రాలిపోతుంది, మళ్లీ రావడానికి మూడు నాలుగు నెలలు, పూర్తిగా కనపడటానికి ఏడాది. వెనక మొద్దుబారింది నెలల దాకా ఉండొచ్చు. ఇవన్నీ విని కూడా చేయించుకుంటానంటే నేనే నీతో వస్తాను.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకా ఏదీ తేల్చుకోలేదు. కనీసం తెలుసుకొని తేల్చుకుంటాడు.