చెరువుకు మీరే సాక్షులు

చెరువు గట్టున ఇల్లున్న యువతీ యువకులారా!

మీ కిటికీ తెరిస్తే నీళ్లు కనిపిస్తాయి. అది అమీన్‌పూర్ చెరువు పక్కన అపార్టుమెంటు బాల్కనీ కావచ్చు, కొల్లేటి లంకలో ఇంటి అరుగు కావచ్చు, పులికాట్ అంచున జాలర్ల పల్లె కావచ్చు, పొరుగు మండలానికి కూడా పేరు తెలియని ఊరచెరువు పక్కన డాబా కావచ్చు. ఆ నీటి మీద వాలే పిట్టల కోసం ఎక్కడెక్కడివాళ్లో పెద్ద పెద్ద కెమెరాలు భుజాన వేసుకుని వస్తారు. ఒక పూట ఉండి వెళ్లిపోతారు. మీరు మాత్రం అక్కడే ఉంటారు. చెరువు మత్తడి దూకినా, అడుగు నెర్రెలిచ్చినా మీ కళ్ల ముందే జరుగుతుంది. ఇంత భాగ్యం చేతిలో ఉండగా ఆ కిటికీకి కర్టెన్ వేసి ఫోన్‌లో తల దూర్చి కూర్చోవడం న్యాయమా? లేవండి. చూడండి. చూసింది రాయండి. రాసినదానికి ఫోటో తోడు చేయండి.

ఏముంటుంది చూడటానికి అంటారా? మునుగుడుకోడితో మొదలుపెట్టండి. చిన్న పక్షే, చూస్తుండగానే బుడుంగున మునిగి పది గజాల అవతల తేలుతుంది. వానలు పడ్డాక దాని మెడ గోధుమ ఎరుపుకు తిరుగుతుంది, ముక్కు మొదట్లో పసుపుపచ్చ మచ్చ మెరుస్తుంది. నాచూ, కుళ్లిన ఆకులూ పోగుచేసి నీటి మీదే తేలే గూడు కడుతుంది. గుడ్ల మీంచి లేవాల్సి వస్తే ముక్కుతో తడి నాచు లాగి వాటిని కప్పి మరీ వెళుతుంది. పైనుంచి చూసే కాకికి అక్కడ చెత్త తప్ప ఏమీ కనిపించదు. పిల్లలు పుట్టాక చారల తలలు బయటపెట్టి తల్లి వీపు మీద సవారీ చేస్తాయి. తామరాకుల మీద అడుగులేసే పొడుగుతోక జకానాను గమనించండి. దాని గుడ్లు పొదిగేదీ, పిల్లలను సాకేదీ మగపక్షే. ఇదంతా తెలియాలంటే నెలల తరబడి ఒక్కచోటే ఉండి చూడాలి. దారినపోయేవారికి దొరకని ఈ కథ మీకు ఇంట్లో కూర్చుంటే దొరుకుతుంది.

సెప్టెంబరు దాటితే మీ చెరువుకు అతిథులొస్తారు. ఉత్తర ఆసియా నుంచి సూదితోక బాతులు, బురద అంచున పరుగులు తీసే ఉల్లంకి పిట్టలు వస్తాయి. తల వెనక రెండు నల్ల పట్టీలుండే బార్‌హెడెడ్ గూస్ హిమాలయాలను దాటి దక్షిణాదికి దిగుతుంది. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి అన్నీ తిరుగు ప్రయాణం కడతాయి. మొదటి గుంపు దిగిన తేదీ ఏది? చివరి బాతు లేచిపోయింది ఎప్పుడు? నిరుటి కంటే ఈ ఏడు ఎక్కువా, తక్కువా? ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా రాజధానిలో కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేడు. మీరు చెప్పగలరు.

ఇది ఊరికే పొగడ్తగా అంటున్న మాట కాదు. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికకు ఆధారం 30,000 మందికి పైగా పక్షి ప్రేమికులు పంపిన మూడు కోట్ల నమోదులు. వారిలో విద్యార్థులున్నారు, ఉద్యోగులున్నారు, గృహిణులున్నారు. దీర్ఘకాలపు లెక్క తేల్చగలిగిన 338 జాతుల్లో 204 జాతులు తగ్గిపోయాయని ఆ నమోదులే బయటపెట్టాయి. వలస బాతులూ, తీరపు పిట్టలూ బాగా దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. అంటే మన చెరువులకు వచ్చే అతిథులే! 1931, 32లలో పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పుడు ఒక్క మనిషి, కొద్దిమంది సహాయకులు. ఇవాళ ప్రతి చెరువు గట్టునా ఒక సాలిం అలీ తయారు కావడానికి అడ్డేముంది?

స్థానికుల కన్ను విలువ ఏమిటో తెలుసుకోవాలంటే కలివికోడిని గుర్తుచేసుకోండి. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదని దాన్ని అంతరించిన జాతిగా లెక్కగట్టేశారు. 1986లో కడప జిల్లాలో అది మళ్లీ బయటపడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు వెతుకుతూ వచ్చారు సరే, పిట్టను పట్టి చూపించింది మాత్రం లంకమల చుట్టుపక్కల పల్లె వేటగాడు. ప్రపంచం పోయిందనుకున్న పక్షి ఆ ముళ్లపొదల్లో బతికే ఉందని తేలడానికి ఆ నేలను ఎరిగిన మనిషే కావలసి వచ్చాడు. మీ చెరువును అలా ఎరిగినవారు మీరు కావాలి.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. వీలైతే 8×42 బైనాక్యులర్ ఒకటి కొనుక్కోండి. రోజూ ఒకే వేళకు పావుగంట కూర్చోండి. తేదీ, సమయం, నీటి మట్టం, కనిపించిన ప్రతి జాతీ, ఎన్ని ఉన్నాయో రాయండి. ఒక్క పిట్టా రాని రోజున ‘ఏమీ లేవు’ అని రాయండి. రేపటి పరిశోధకుడికి ఆ మాట కూడా సమాచారమే. ఈ జాబితాలను ఈబర్డ్ వెబ్‌సైటులో ఉచితంగా నమోదు చేయవచ్చు. పేరు తెలియకపోతే పుస్తకం కంటే ముందు మీ ఊరి జాలరిని, గొర్లకాపరిని, అమ్మమ్మను అడగండి. నత్తగుల్లకొంగ, నారాయణపక్షి, నీటికాకి, లకుముకి, తీతువు అంటూ వరసపెట్టి చెబుతారు. ఆ పేర్లూ నోటుబుక్కులోకి ఎక్కించండి. వాళ్లతోపాటే అవి పోకూడదు.

ఇక కెమెరా సంగతి. వాడేసిన లెన్సైనా ఫరవాలేదు, వెలుగును అర్థం చేసుకోవడం ముఖ్యం. మీ బాల్కనీ తూర్పు ముఖమైతే ఉదయం సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పిట్ట నల్లగా వస్తుంది. సాయంత్రం ఎండ మీ వెనక నుంచి నీటి మీద పడేదాకా ఆగండి. మిట్టమధ్యాహ్నం నీటి మీద వేడిగాలి అలలాడుతుంది కనుక ఎంత మంచి లెన్సుతో తీసినా దూరపు పక్షి మసకబారుతుంది. అప్పుడు కెమెరా పక్కనపెట్టి ఊరికే చూడండి. నలుపు తెలుపుల లకుముకి గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి నిట్టనిలువుగా నీళ్లలోకి దూకుతుంది. దాన్ని పట్టాలంటే సెకనులో 2000వ వంతు షట్టర్ వేగం పెట్టండి, ఫోకస్ కంటి మీద ఉంచండి. మూడో అంతస్తు నుంచి తీస్తే వీపే వస్తుంది. కింది అంతస్తుకో కట్ట మీదకో దిగి, కూర్చుని తీయండి. ఫోన్ తప్ప ఏమీ లేదా? బైనాక్యులర్ కంటిగాజుకు ఫోన్ ఆనించి తీయండి. అందంగా రాకపోయినా ఏ పక్షో తెలిస్తే, తేదీ ఉంటే, ఆ ఫోటో పనికొస్తుంది.

ఒక్క కట్టుబాటు మాత్రం మీరు ప్రాణంగా పాటించాలి. ఫోటో కంటే పిట్ట ముఖ్యం. ఎగిరే గుంపు కావాలని రాయి విసరకండి, పడవతో తరమకండి, డ్రోన్ పంపకండి. వేల మైళ్ల ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటున్న పక్షిని లేపిన ప్రతిసారీ దాని దారి బత్తెం దోచుకున్నట్టే. గూటి దగ్గరికి పోకండి, ఆకులు తప్పించి తీయకండి. గూడు ఎక్కడుందో లోకానికి చాటకండి. ఫోన్‌లో కూత వినిపించి మోసగించి పిలవకండి.

చెరువులు పూడ్చి ప్లాట్లు వేస్తున్న కాలమిది. మురుగు వదిలి గుర్రపుడెక్కను పెంచుతున్న కాలమిది. కొల్లేరుకు 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అయినా చేపల చెరువుల ఆక్రమణలతో అది పడ్డ అవస్థ తెలుగువారందరూ ఎరుగుదురు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరపు చెరువుకు అలాంటి గుర్తింపు దేశంలో అదే మొదటిది. హోదా కాగితం మీద ఉంటుంది, కాపలా మనుషులు కాయాలి. మట్టి లారీ దిగిన రోజు మీ దగ్గర తేదీతో ఫోటో ఉండాలి. ‘ఇక్కడ ఎప్పుడూ పక్షులు లేవు’ అని ఎవరైనా అధికారి ముందు నిలబడి అంటే, మీ ఐదేళ్ల నోటుబుక్కులు బల్ల మీద పెట్టగలగాలి. సంక్రాంతికి చైనా మాంజా చెట్లకు చిక్కుకుంటే కోసి తీసే చేతులు మీవి కావాలి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువు చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వచ్చే పక్షులను ఊరివాళ్లు తమ అదృష్టంగా భావిస్తారు. ఇలా పక్షులను కాచుకుంటూ పల్లెలు చేసిన పనిని పట్నాల యువత చేయలేదా?

మీరు ఒంటరివారు కాదు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. పేరు నమోదు చేయండి, మీ చెరువు పేరును దేశపు లెక్కలోకి ఎక్కించండి. మీ మెట్ల మీద ఆడుకునే పిల్లలకు బైనాక్యులర్ ఇచ్చి చూపించండి. కాలనీలో నలుగురు కలిసి తలా ఒక వేళ పంచుకోండి.

రేపు ఉదయమే మొదటి పేజీ రాయండి. నీటి ఒడ్డున ఇల్లు దొరికిన తరం మీది. ఆ నీటికి అద్దె కట్టే పద్ధతి ఒక్కటే, దాన్ని కళ్లారా చూడటం, చూసినదాన్ని నిర్భయంగా చెప్పడం. మీ పిల్లలు కూడా అదే కిటికీలోంచి అవే బాతులను లెక్కపెట్టేలా చేసే శక్తి మీ చేతుల్లో ఉంది. వాడండి!